సమాజశాస్త్రం నడిచి వచ్చిన దారి

సమాజశాస్త్రానికి ఇంకా రెండు వందల ఏళ్లు నిండలేదు. అంతకుముందు సమాజం గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం, అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం, మన ధర్మశాస్త్రాలు అన్నీ మనుషులు కలిసి బతికే తీరు గురించి చెప్పినవే. అయితే వాటిలో ఎక్కువ భాగం రాజు ఎలా పాలించాలి, గృహస్థు ఎలా నడుచుకోవాలి అని నిర్దేశించేవి. ఉన్నది ఇలా ఎందుకుంది అని అడిగినవాళ్లు అరుదు. అలాంటివారిలో ముందుగా చెప్పుకోవలసింది 1332లో ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్‌ని. ఉత్తర ఆఫ్రికా రాజవంశాలు లేవడం, కూలడం ఆయన దగ్గరుండి చూశారు. కొలువుల్లో పనిచేశారు, చెరసాలలోనూ ఉన్నారు. 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో ఆ ఉత్థాన పతనాలకు కారణం వెతికారు. ఎడారి తెగలకు కష్టంలో ఒకరినొకరు విడవని కట్టుబాటు ఉంటుంది, ఆ బలంతోనే నగరాలను గెలుస్తారు, నగరపు సుఖాల్లో మూడు నాలుగు తరాలు గడిచేసరికి ఆ కట్టు సడలి మరో తెగ చేతిలో ఓడిపోతారు అన్నది ఆయన వివరణ. రాజు మంచివాడా చెడ్డవాడా అన్న మాట అందులో ప్రధానం కాదు. అయినా ఆ దారిలో నడిచే శిష్య పరంపర ఆయన వెనక ఏర్పడలేదు.

శాస్త్రంగా నిలదొక్కుకోవడానికి యూరప్‌లో వచ్చిన రెండు పెద్ద కుదుపులు కావలసి వచ్చాయి. 1789లో మొదలైన ఫ్రెంచి విప్లవం రాచరికాన్నీ చర్చి పెత్తనాన్నీ పడగొట్టింది. ఇంగ్లండ్‌లో ఆవిరి యంత్రాలు మగ్గాన్ని ఇంట్లోంచి మిల్లులోకి లాక్కుపోయాయి. తరతరాలుగా ఒకే ఊళ్లో, ఒకే పనిలో బతికినవాళ్లు మాంచెస్టర్ లాంటి పట్టణాల్లో ముక్కూ మొహం తెలియని జనం మధ్య చేరారు. పాత కట్టు తెగింది, కొత్తది ఇంకా పడలేదు. మనుషుల్ని కలిపి ఉంచేదేమిటన్న ప్రశ్న పండితుల చర్చగా మిగలకుండా రోజువారీ భయంగా మారింది.

ఆ ప్రశ్నను శాస్త్రంగా ప్రకటించి ‘సోషియాలజీ’ అన్న పేరును 1830ల చివర్లో వాడుకలోకి తెచ్చినవారు ఆగస్ట్ కామ్టే. 1798లో మోంపెలియేలో పుట్టి, యవ్వనంలో ఏడేళ్లపాటు సెయింట్ సైమన్ దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. 1830 నుంచి 1842 దాకా ఆరు సంపుటాలుగా వెలువడిన ఆయన ప్రత్యక్షవాద తత్వశాస్త్ర పాఠాలు మనిషి ఆలోచన మూడు దశల్లో సాగుతుందని వాదించాయి. మొదట అన్నిటికీ దైవం కారణం, తర్వాత అమూర్తమైన తత్వాలు కారణం, చివరికి పరిశీలనతో తేలిన నియమాలు. ఖగోళశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం వరసగా ఈ మూడో దశకు చేరాయి కనుక సమాజం వంతు వచ్చిందని ఆయన నమ్మకం. ఈ కొత్త శాస్త్రంలో సమాజం నిలిచి ఉండే తీరు ఒక భాగం, మారే తీరు రెండో భాగం. చివరి రోజుల్లో మానవతా మతాన్ని స్థాపించి దానికి పూజా విధానాలు కూడా రాసుకున్నారు. బ్రెజిల్ జెండా మీదున్న ‘క్రమం, ప్రగతి’ అన్న నినాదం ఆ ఆలోచనల నుంచి వచ్చిందే.

కామ్టే పని దాదాపుగా గదిలో, పుస్తకాల మధ్య సాగింది. బయటికి వెళ్లి చూసి రాయడం హారియట్ మార్టినోతో మొదలైందంటే తప్పులేదు. చిన్ననాటి నుంచీ వినికిడి తగ్గిన ఈ ఇంగ్లిషు రచయిత్రి 1834 నుంచి 1836 వరకు అమెరికా అంతా తిరిగారు. తిరిగివచ్చి 1837లో ప్రచురించిన గ్రంథంలో ఆ దేశాన్ని ఆ దేశం చెప్పుకునే మాటతోనే కొలిచారు. మనుషులంతా సమానులని ప్రకటించుకున్న చోట బానిసత్వం ఎలా ఉంది, ఓటు లేని స్త్రీల స్థితి ఏమిటి అని అడిగారు. మరుసటి ఏడు సమాజాన్ని ఎలా గమనించాలో చెబుతూ ఒక పద్ధతి గ్రంథమే రాశారు. 1853లో కామ్టే ఆరు సంపుటాలను రెండింటికి కుదించి ఇంగ్లిషులోకి తెచ్చారు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఆమెను కామ్టే అనువాదకురాలిగానే గుర్తుపెట్టుకున్నాయి. అది ఆమెకు జరిగిన అన్యాయం.

హెర్బర్ట్ స్పెన్సర్ పేరు పందొమ్మిదో శతాబ్దంలో ఇంతకంటే చాలా పెద్దది. సమాజం కూడా జీవిలాగే సరళం నుంచి సంక్లిష్టానికి పరిణమిస్తుందన్నారు. బలహీనులకు ప్రభుత్వం సాయపడకూడదన్న వాదనకు ఆ సిద్ధాంతాన్ని చాలామంది వాడుకున్నారు. మన స్వాతంత్ర్య పోరాటంలో ఆయన మాటలు ఇంకో పనికి వచ్చాయి. శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో లండన్ నుంచి ‘ఇండియన్ సోషియాలజిస్ట్’ పత్రికను ప్రారంభించి, దురాక్రమణను ఎదిరించడం న్యాయమన్న స్పెన్సర్ భావాన్ని పత్రిక పేరు కిందనే అచ్చువేశారు.

కార్ల్ మార్క్స్ తనను సమాజశాస్త్రవేత్తగా చెప్పుకోలేదు. కానీ ఆయన లేకుండా ఈ శాస్త్రంలో సగం చర్చ ఉండదు. మిత్రుడు ఎంగెల్స్ మాంచెస్టర్ కార్మికవాడల్లో తిరిగి 1845లో ప్రచురించిన పుస్తకం, తర్వాత ఇద్దరూ కలిసి రాసిన 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక, 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం ఒక్క మాట మీద నిలిచాయి: ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాన్నిబట్టి చట్టం, మతం, కుటుంబం, ఆలోచనలు రూపుదిద్దుకుంటాయి. సమాజం నిలబడటానికి కారణం అందరి సమ్మతి కాదు, ఒక వర్గం పెత్తనం. మార్పుకు కారణం ఆ వర్గాల మధ్య ఘర్షణ. ఇదే తర్వాత సంఘర్షణ దృక్పథానికి పునాది.

విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రానికి చోటు సంపాదించినవారు ఎమీల్ డర్క్‌హైమ్. 1858లో ఎపినాల్‌లో యూదు మతగురువుల కుటుంబంలో పుట్టి, 1887లో బోర్డోలో అధ్యాపకుడిగా చేరారు. 1893లో రాసిన ‘శ్రమ విభజన’లో పాత సమాజాలను పోలిక కలిపి ఉంచుతుందనీ, కొత్త సమాజాలను తేడా కలుపుతుందనీ వివరించారు. అందరూ ఒకే పని చేసేచోట ఒకే నమ్మకం సరిపోతుంది. ఒకరి పని ఇంకొకరికి రానిచోట ఒకరి మీద ఒకరు ఆధారపడటమే బంధం. 1895లో పద్ధతి గురించి రాస్తూ, మనిషికి బయట ఉండి అతని మీద ఒత్తిడి తెచ్చే సామాజిక వాస్తవాలే ఈ శాస్త్రం చదవాల్సిన విషయమన్నారు.

1897లో వచ్చిన ‘ఆత్మహత్య’ గ్రంథం దానికి రుజువు. ఎవరికి వారు తీసుకునే, అత్యంత వ్యక్తిగతమనిపించే నిర్ణయాన్ని ఆయన కావాలనే ఎంచుకున్నారు. న్యాయశాఖ రికార్డుల్లోని సుమారు 26,000 మరణాల వివరాలను మేనల్లుడు మార్సెల్ మౌస్ వర్గీకరించి ఇచ్చారు. పట్టికలు చూస్తే ఒక్కో దేశంలో ఆత్మహత్యల రేటు ఏటేటా ఇంచుమించు స్థిరంగా ఉంది. క్యాథలిక్కులలో కంటే ప్రొటెస్టెంట్లలో, పిల్లలున్న దంపతులలో కంటే ఒంటరివారిలో ఎక్కువ. యుద్ధకాలంలో తగ్గింది. ఆర్థిక సంక్షోభంలో పెరగడం ఎవరైనా ఊహించేదే. హఠాత్తుగా సంపద పెరిగినప్పుడు కూడా పెరిగింది. పేదరికమే కారణమైతే ఇలా జరగదు. మనిషిని సమూహం ఎంత గట్టిగా కలుపుకుంది, అతని కోరికలకు ఎంత హద్దు పెట్టింది అన్న రెండింటి మీద రేటు ఆధారపడుతుందని ఆయన తేల్చారు. బంధం సడలినా ప్రమాదమే, మరీ బిగిసినా ప్రమాదమే. భర్త చనిపోతే భార్య సహగమనం చేసే భారతదేశపు ఆచారాన్ని ఆయన ఈ రెండో రకంలో చేర్చారు. కట్టుబాట్లే చెదిరిపోయి ఏది ఎంతవరకు కోరాలో తెలియని స్థితికి ‘అనోమీ’ అని పేరు పెట్టారు.

ఒక మరణాన్ని ప్రమాదమని రాయాలా ఆత్మహత్యని రాయాలా అన్నది కుటుంబం పరువు మీద, రాసే అధికారి మీద ఆధారపడుతుందనీ, అలాంటి లెక్కలపై ఇంత భవనం కట్టకూడదనీ 1967లో జాక్ డగ్లస్ విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. అయినా ఆత్మహత్యల రేటు ఏ ఒక్కరి మనసుకో సంబంధించింది కాదు, సమూహానిది అన్న చూపు చెక్కుచెదరలేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు వ్యక్తుల బలహీనత అన్న మాట దగ్గర ఆగకుండా పురుగు మందు, విత్తనం, అప్పు మూడూ ఒకే దుకాణదారు చేతిలో చిక్కిన తీరును పరిశోధకులు వెతికింది ఈ చూపుతోనే.

జర్మనీలో మాక్స్ వెబర్ వేరే వైపు నుంచి వచ్చారు. మనిషి చేసే పనికి అతను ఏ అర్థం ఇచ్చుకుంటున్నాడో తెలియకుండా బయటి నుంచి కొలిస్తే చాలదన్నారు. 1904-05లో రాసిన వ్యాసాల్లో ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన కాల్విన్ మతస్తుల లోపలి ఆందోళనను పెట్టుబడిదారీ స్ఫూర్తితో ముడిపెట్టారు. మోక్షం దక్కుతుందో లేదో తెలియనివాడు ఒళ్లొంచి పనిచేసి, ఆర్జించినది అనుభవించకుండా మళ్లీ వ్యాపారంలో పెట్టి, ఆ విజయంలో దైవానుగ్రహపు గుర్తు చూసుకున్నాడన్నది ఆ వాదన. పెత్తనాన్ని జనం ఎందుకు ఒప్పుకుంటారన్న ప్రశ్నకు సంప్రదాయం, నాయకుడి అసాధారణ ఆకర్షణ, చట్టం అని మూడు ఆధారాలు చూపారు. 1916-17లో హిందూ, బౌద్ధ మతాల మీద పెద్ద గ్రంథం రాశారు గానీ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. జనగణన నివేదికలు, అనువాద గ్రంథాలే ఆధారం. కర్మ సిద్ధాంతం, కులం కలిసి ఇక్కడ పెట్టుబడిదారీ విధానాన్ని పుట్టనివ్వలేదన్న ఆయన నిర్ధారణకు ఈ పరిమితే బలహీనత. తర్వాత మిల్టన్ సింగర్ మద్రాసు పారిశ్రామికవేత్తలను కలిసి మాట్లాడినప్పుడు పూజగదికీ కర్మాగారానికీ మధ్య వెబర్ ఊహించిన వైరం కనిపించలేదు.

శతాబ్దం మారేసరికి ఈ శాస్త్రం అమెరికా చేరింది. 1892లో షికాగో విశ్వవిద్యాలయంలో అల్బియన్ స్మాల్ సమాజశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. బెర్లిన్‌లో జార్జ్ సిమ్మెల్ ఉపన్యాసాలు విన్న రాబర్ట్ పార్క్ షికాగోలో చేరి, విద్యార్థులను వీధుల్లోకి పంపారు. వలస వాడలు, ముఠాలు, చౌక హోటళ్లు అన్నీ పరిశోధన విషయాలయ్యాయి.

అయితే నగరాన్ని ఇంటింటా తిరిగి చదివిన తొలి గొప్ప అధ్యయనం షికాగోది కాదు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1896లో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో కాపురం పెట్టి, సుమారు 2,500 నల్లజాతి కుటుంబాల గడప తొక్కారు. హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందినవారైనా, పని ఇచ్చిన విశ్వవిద్యాలయం ఆయన్ను పాఠాలు చెప్పనివ్వలేదు. ఏ ఇంట్లో ఎంతమంది, ఏం పని, ఎంత అద్దె, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగి, వీధి వీధికీ రంగులు వేసిన పటం గీశారు. నగర పెద్దలు నల్లవారి నడవడిలో లోపం చూపమన్నట్టుగా ఈ పని అప్పగించారు. 1899లో అచ్చయిన పుస్తకం తేల్చింది వేరు: నైపుణ్యమున్నా ఉద్యోగం ఇవ్వరు, అదే ఇంటికి ఎక్కువ అద్దె గుంజుతారు, బానిసత్వపు గాయం ఇంకా మానలేదు. ఒకే రంగు వెనక ఎన్నో అంతస్తుల జీవితాలున్నాయని కూడా ఆ పటం చూపింది. ఈ శాస్త్ర స్థాపకుల వరసలో ఆయన పేరు చేరడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

షికాగోలోనే జార్జ్ హెర్బర్ట్ మీడ్ పాఠాలు మరో దృక్పథానికి విత్తు వేశాయి. నేను అన్న భావన పుట్టుకతో రాదు, ఎదుటివారి కళ్లతో మనల్ని మనం చూసుకోవడం ద్వారా ఏర్పడుతుందన్నది ఆయన బోధన. ఆయన మరణించాక విద్యార్థుల నోట్సు నుంచి 1934లో ఆ పాఠాలు పుస్తకమయ్యాయి. శిష్యుడు హెర్బర్ట్ బ్లూమర్ దీనికి ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం అని పేరు పెట్టారు. పేరు బరువైనదే గానీ విషయం కళ్లముందుదే. ఎర్వింగ్ గాఫ్‌మన్ స్కాట్లాండ్ ఉత్తర కొసన షెట్లాండ్ దీవుల్లో ఉంటూ ఒక హోటల్లో పనివాళ్లను గమనించారు. వంటగదిలో ఊరి యాసలో, ఊరి మర్యాదతో ఉండేవారు తలుపు దాటి భోజనశాలలో అడుగుపెట్టగానే నడక, మాట, ముఖం మారిపోయేవి. రోజువారీ జీవితానికి రంగస్థలం ఒకటి, తెర వెనక ఒకటి ఉంటాయన్న ఆయన సిద్ధాంతం ఆ తలుపు దగ్గర మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరవై ఏళ్లు మాత్రం ప్రకార్యవాదానివే. టాల్కాట్ పార్సన్స్ 1951లో సమాజాన్ని ఒకదానికొకటి సర్దుకునే భాగాల వ్యవస్థగా వర్ణించారు. కుటుంబం, బడి, మతం, ప్రభుత్వం దేని పని అది చేస్తూ మొత్తాన్ని నిలబెడతాయి. రాబర్ట్ మెర్టన్ దీనికి అవసరమైన సవరణ చేశారు. పైకి కనిపించే ప్రయోజనం వేరు, ఎవరూ ఉద్దేశించని ప్రయోజనం వేరు. ఒకరికి మేలు చేసే సంస్థ మరొకరికి కీడు చేయవచ్చు. హోపీ తెగవారి వాన నాట్యం వాన కురిపించకపోవచ్చు గానీ చెల్లాచెదురుగా ఉన్నవారిని ఒకచోట చేరుస్తుంది. 1959లో సి. రైట్ మిల్స్ పార్సన్స్ భాషను, అధికారాన్ని చూడని ఆ ప్రశాంతతను తూర్పారబట్టారు. ఊళ్లో ఒకడికి పని లేకపోతే అది అతని కష్టం, లక్షలమందికి లేకపోతే అది సమాజపు సమస్య, ఈ రెంటినీ కలిపి చూడగలగడమే ఈ శాస్త్రం ఇచ్చే ఊహాశక్తి అన్నారు. 1960ల ఉద్యమాలు ఆయన వాదనకు బలం చేకూర్చాయి.

భారతదేశంలో సమాజ అధ్యయనం పాలకుల లెక్కలతో మొదలైంది. 1871-72 జనగణన నుంచి కులాల జాబితాలు తయారయ్యాయి. 1901లో జనగణన అధికారి రిస్లీ కులాలను హెచ్చుతగ్గుల వరసలో పేర్చబోయేసరికి తమ స్థానం పెంచమంటూ కులసంఘాల అర్జీలు వెల్లువెత్తాయి. లెక్కించడమే లెక్కలోని వస్తువును మార్చేసింది. ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో తెచ్చిన ఏడు సంపుటాల్లో తెలుగు కులాలు కూడా కొలతలతో, ఆచారాలతో జాబితాకెక్కాయి.

ఈ జాబితాలకు అవతల కులం ఎలా పనిచేస్తుందని అడిగినవారు ఇరవై అయిదేళ్ల విద్యార్థి బి.ఆర్. అంబేద్కర్. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో కులానికి ప్రాణం అంతర్వివాహం అని తేల్చారు. కులం లోపలే పెళ్లి జరగాలంటే స్త్రీ పురుషుల సంఖ్య సరితూగాలి. భర్త పోయిన స్త్రీ బయట పెళ్లాడితే గోడ కూలుతుంది, లోపల పెళ్లాడితే కన్యలకు వరులు తగ్గుతారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఈ చిక్కుకు కులం కనిపెట్టుకున్న ఉపాయాలని ఆయన చూపారు. రాజమండ్రిలో వీరేశలింగం 1881లో వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఎందుకంత భగ్గుమందో ఈ పత్రం చదివితే అర్థమవుతుంది. సమాజశాస్త్ర పాఠ్యప్రణాళికలు మాత్రం దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

బొంబాయి విశ్వవిద్యాలయంలో 1919లో పాట్రిక్ గెడ్డెస్ ప్రారంభించిన విభాగాన్ని 1924 నుంచి జి.ఎస్. ఘుర్యే నడిపారు. ఆయన శిష్యుల్లో ఇరావతి కర్వే ఉత్తరాది, దక్షిణాది బంధుత్వాలను పోల్చి, మేనరికం ఉన్నచోట కోడలికి అత్తవారిల్లు పూర్తిగా పరాయిది కాదని చూపారు. మరో శిష్యుడు ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో సంస్కృతీకరణ భావనను ముందుకు తెచ్చారు: కింద ఉంచబడిన కులం పై కులపు ఆచారాలను స్వీకరించి ఎదగజూస్తుంది. తెలుగునాట ఈ మాట చదివినవారికి వైదిక కర్మల హక్కు కోసం విశ్వబ్రాహ్మణులు చిత్తూరు న్యాయస్థానం దాకా వెళ్లిన వివాదం గుర్తుకు రాక మానదు. మైసూరు దగ్గరి రాంపుర గ్రామంలో 1948లో సేకరించిన నోట్సుపై చేసిన పనంతా 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోగా, శ్రీనివాస్ జ్ఞాపకం నుంచే ఆ ఊరిని తిరిగి రాశారు.

తెలంగాణ పల్లె ప్రపంచ సమాజశాస్త్రంలో చేరింది శ్యామాచరణ్ దూబే ద్వారా. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో ఆయన హైదరాబాద్‌కు ఉత్తరాన కరీంనగర్ దారిలోని శామీర్‌పేటలో పనిచేశారు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివినవారు కూడా అందులో ఉన్నారు. నిజాం పాలన ముగిసి, జాగీర్లు రద్దయి ఎన్నాళ్లో కాలేదు. 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ ఊరిని కులాల నిచ్చెనగా మాత్రమే చూడలేదు. ఒక మనిషి హోదా కులమతాలతోపాటు భూమి, సంపద, ప్రభుత్వంలో లేదా ఊరి వ్యవస్థలో పదవి, వయసు, వ్యక్తిత్వం కలిస్తే ఏర్పడుతుందని చూపింది. పోచమ్మకు బోనం పెట్టేవారే మొహర్రంలో పీర్ల ముందు నిలబడటం, చేతివృత్తులవారికీ రైతులకూ మధ్య తరాల లెక్కలు, అత్తాకోడళ్ల పొరపొచ్చాలు అన్నీ అందులో చోటు చేసుకున్నాయి. ఊరు ఒంటరి దీవి కాదు, ప్రాంతంతో దేశంతో ముడిపడి మారుతోందన్న చివరి అధ్యాయం ఆనాటికి కొత్త మాట.

స్త్రీల అనుభవాన్ని కొలమానంగా తీసుకున్న దృక్పథం 1970లలో బలపడింది. 1974లో ఇంగ్లండ్‌లో ఆన్ ఓక్లీ ఇంటిపనిని పనిగా గుర్తించి అధ్యయనం చేశారు. కెనడాలో డొరొతీ స్మిత్ ఈ శాస్త్రం అప్పటిదాకా పురుషుడు నిలబడిన చోటు నుంచే లోకాన్ని చూసిందన్నారు. 1974లోనే మన దేశంలో స్త్రీల స్థితిగతుల మీద ఏర్పడిన కమిటీ నివేదిక స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలా విషయాల్లో స్త్రీలు వెనకబడిపోతున్నారని లెక్కలతో చెప్పింది. దళిత స్త్రీ స్థానం నుంచి చూస్తే స్త్రీవాదమే మారుతుందని 1990ల చివర్లో శర్మిలా రేగే వాదించారు. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి, వారి అనుభవాలను వారి మాటల్లోనే రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించారు. దూబే బృందం శామీర్‌పేటలో దిగిన ఏడాదే విరమించిన పోరాటం అది. దళాల్లో తిరిగి, బిడ్డల్ని ఇతరుల చేతుల్లో పెట్టి, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్న మాట విన్న స్త్రీలు ఏమనుకున్నారో చదువరులకు తెలియడానికి మరో ముప్పై అయిదేళ్లు పట్టింది.